ఏడవని బిడ్డ, అరవై సెకన్లు

ఉత్తర టాంజానియాలో హైడమ్ అనే మారుమూల ఊరిలో ఒక మిషన్ ఆసుపత్రి ఉంది. పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డను ఎలా బతికించుకోవాలో 2010లో అక్కడి మంత్రసానులకు, నర్సులకు, డాక్టర్లకు ఒక రోజు శిక్షణ ఇచ్చారు. ఆ కోర్సు పేరు ‘హెల్పింగ్ బేబీస్ బ్రీత్’. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ పేద దేశాల కోసం తయారు చేసిన పాఠం అది. ఏడు నెలల తర్వాత పరిశోధకులు అదే సిబ్బందికి బొమ్మ మీద పరీక్ష పెట్టారు. మునుపటికన్నా బాగా చేశారు. తర్వాత లేబర్ రూములో అసలు కాన్పులు ఎలా జరుగుతున్నాయో గమనించారు. అక్కడ ఏ మార్పూ లేదు. నేర్చుకున్నది బొమ్మ దగ్గరే ఆగిపోయింది.

ఎక్కడ తేడా కొట్టిందో వాళ్లు ఆలోచించారు. 2011 నుంచి పద్ధతి మార్చారు. బొమ్మను తెచ్చి లేబర్ రూములోనే పెట్టారు. ప్రతి ఒక్కరూ వారానికోసారి మూడు నుంచి అయిదు నిమిషాలు దాని మీద సాధన చేయాలి. ఏడాది తిరిగేసరికి, పుట్టిన 24 గంటల్లోపు చనిపోయే బిడ్డల సంఖ్య వెయ్యికి 11.1 నుంచి 7.2కు దిగింది.

ఈ అధ్యాయం చెప్పేదల్లా ఈ ఉదాహరణలోనే ఉంది. బిడ్డ ఏడవని ఆ నిమిషంలో పుస్తకం గుర్తు చేసుకునే వ్యవధి ఎవరికీ ఉండదు. చేతులకు అలవాటైన పని మాత్రమే అప్పుడు అక్కరకొస్తుంది. ఆ అలవాటు నర్సుకు ఎలా వస్తుంది, డాక్టరుకు ఎలా వస్తుంది, కాన్పు కోసం ఎదురుచూసే కుటుంబం అందులో ఏ పాత్ర తీసుకోగలదు అన్నదే ఇక్కడి విషయం.

ముందు లెక్క తెలుసుకుంటే భయం సగం తగ్గుతుంది. నెలలు నిండి పుట్టిన వంద మంది బిడ్డల్లో దాదాపు 85 మంది ఎవరి సాయమూ లేకుండా, అర నిమిషంలోపే ఏడుస్తారు. మరో పది మంది ఒళ్లు తుడిచి వీపు రుద్దితే ఊపిరి అందుకుంటారు. మిగిలిన కొద్దిమందికి సంచితో గాలి ఊదాలి. గుండె నొక్కడం, మందులు ఎక్కించడం దాకా వెళ్లేవాళ్లు వందలో ఒక్కరు కూడా ఉండరు. అంటే కావలసిన సాయంలో ఎక్కువ భాగం ఒక తువాలు, ఒక జత చేతులు, ఒక రబ్బరు సంచితో అయిపోతుంది. చిక్కల్లా ఆ కొద్దిమంది ఎవరో ముందుగా పూర్తిగా తెలియకపోవడం. తొమ్మిది నెలలూ ఏ ఇబ్బందీ లేని తల్లికి పుట్టిన బిడ్డ కూడా ఏడవకుండా ఉండవచ్చు. అందుకే ప్రతి కాన్పుకూ సిద్ధంగా ఉండాలి.

లోపల జరిగేది

కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డ ఊపిరితిత్తులు నీటితో నిండి ఉంటాయి. ప్రాణవాయువు మాయ నుంచి బొడ్డుతాడు ద్వారా వస్తుంది. పుట్టాక ఆ దారి మూసుకుపోతుంది. ఊపిరితిత్తుల్లోని నీరు పక్కకు తొలగాలి, గాలి లోపలికి చేరాలి, అప్పటిదాకా ముడుచుకుని ఉన్న రక్తనాళాలు తెరుచుకోవాలి. ఇదంతా కొన్ని సెకన్లలో జరగాలి. కొత్త బుడగను ఊదేటప్పుడు మొదటి ఊదుకు ఎంత దమ్ము కావాలో అందరికీ తెలుసు. బిడ్డ మొదటి శ్వాసకూ అంత బలం కావాలి. గట్టిగా ఏడ్చే బిడ్డ ఆ బలాన్ని తనే తెచ్చుకుంటుంది.

కాన్పులో మాయ నుంచి రక్తం సరిగా అందకపోతే ఏమవుతుందో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త జెఫ్రీ డాస్ 1960లలో కోతిపిల్లల మీద చేసిన ప్రయోగాలు విడమరిచి చెప్పాయి. ప్రాణవాయువు తగ్గగానే ముందు శ్వాస వేగంగా ఆడుతుంది, తర్వాత ఆగిపోతుంది. ఇది మొదటి ఆగడం. ఈ దశలో తుడిచి, వీపు రుద్దితే శ్వాస తిరిగి మొదలవుతుంది. ఆ దశ దాటిపోతే బిడ్డ కొన్నిసార్లు ఎగశ్వాస తీసి మళ్లీ ఆగిపోతుంది. ఇది రెండో ఆగడం. ఇక ఎంత రుద్దినా, ఎంత తట్టినా లాభం లేదు. బయటి నుంచి గాలి ఊదితేనే గుండె పుంజుకుంటుంది.

ఒక బిడ్డ వాడిపోయి, నీలంగా, కదలకుండా చేతిలో ఉన్నప్పుడు అది మొదటి ఆగడమో రెండోదో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆరితేరిన డాక్టరైనా చెప్పలేరు. కాబట్టి నియమం సూటిగా పెట్టుకున్నారు. తుడవాలి, రెండు మూడు సార్లు రుద్దాలి, ఫలితం లేకపోతే వెంటనే గాలి ఊదాలి. ఇదంతా పుట్టిన అరవై సెకన్లలో అయిపోవాలి. ‘గోల్డెన్ మినిట్’ అని ప్రపంచమంతా పిలిచేది ఈ నిమిషాన్నే.

రాళ్ల చప్పుడు నుంచి రబ్బరు సంచి దాకా

ఏడవని బిడ్డను ఏడిపించాలన్న తపన వైద్యంతో పాటే పుట్టింది. చరకసంహిత శారీరస్థానంలో ఇందుకు ఉపాయాలు ఉన్నాయి. బిడ్డ చెవుల దగ్గర రాళ్లు కొట్టి చప్పుడు చేయమంది. ముఖం మీద చల్లని నీళ్లో వెచ్చని నీళ్లో చల్లమంది. ప్రాణం తిరిగి వచ్చేదాకా చేటతో విసరమంది. 1871లో జర్మన్ డాక్టర్ బెర్న్‌హార్డ్ షుల్ట్‌జె బిడ్డను భుజాల దగ్గర పట్టుకుని పైకీ కిందికీ ఊపే పద్ధతి ప్రచారం చేశాడు. అది చాలా ఏళ్లు నడిచింది. మన ఊళ్లలో పళ్లెం మోగించడం, కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి వీపు మీద చరచడం పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే.

ఇవన్నీ ఇన్నాళ్లు ఎందుకు నిలిచాయి? డాస్ చెప్పిన రెండు దశలు తెలిస్తే జవాబు దొరుకుతుంది. మొదటి దశలో ఉన్న బిడ్డ ఏ చప్పుడుకైనా, ఏ తడికైనా ఉలిక్కిపడి ఊపిరి అందుకుంటుంది. పేరు పళ్లేనికి వచ్చింది. రెండో దశలో ఉన్న బిడ్డ దేనికీ పలకదు. నింద తలరాత మీదకు పోయింది. పద్ధతి తప్పని ఎవరికీ అనిపించే అవకాశమే లేకపోయింది. పైగా చప్పుళ్లు, చరుపుల మధ్య గాలి ఊదవలసిన నిమిషం కాస్తా గడిచిపోయేది.

ఇరవయ్యో శతాబ్దం నడుమ ఇద్దరు మత్తు డాక్టర్లు ఈ కథను మలుపు తిప్పారు. మొదటి వ్యక్తి న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన వర్జీనియా ఆప్గార్. అప్పట్లో కాన్పు గదిలో అందరి కళ్లూ తల్లి మీదే ఉండేవి. నీలంగా, నీరసంగా పుట్టిన బిడ్డను దక్కదనుకుని పక్కన పెట్టేసేవాళ్లు. ఆప్గార్ అయిదు సంగతులు చూడమంది: గుండె వేగం, శ్వాస, కండరాల బిగువు, తాకితే స్పందన, ఒంటి రంగు. ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు మార్కులు. మొత్తం పది. 1953లో అచ్చయిన ఈ పద్ధతితో ప్రతి బిడ్డనూ ఎవరో ఒకరు తప్పనిసరిగా చూడవలసి వచ్చింది. మార్కు రాయాలంటే బిడ్డ వైపు తిరగాలి కదా! అయితే ఒక జాగ్రత్త ఉంది. ఆప్గార్ మార్కు పుట్టిన ఒకటో నిమిషంలో, అయిదో నిమిషంలో వేస్తారు. సాయం మొదలుపెట్టడానికి ఆ మార్కు కోసం ఆగకూడదు. అప్పటికి అసలు నిమిషం అయిపోతుంది.

రెండో వ్యక్తి డెన్మార్క్‌కు చెందిన హెనింగ్ రూబెన్. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విరుచుకుపడినప్పుడు, ఊపిరాడని రోగులకు వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు చేత్తో సంచులు నొక్కి శ్వాస అందించారు. ఆ సంచులు నిండాలంటే గ్యాస్ సిలిండరు ఉండాలి. రూబెన్, ఇంజినీరు హోల్గర్ హెస్సెతో కలిసి, నొక్కి వదిలితే తనంతట తనే గది గాలితో నిండే సంచిని రూపొందించాడు. 1956లో అది ‘అంబు’ పేరుతో మార్కెట్‌కు వచ్చింది. మన ఆసుపత్రుల్లో ఏ కంపెనీ సంచినైనా ‘అంబు బ్యాగ్’ అనే పిలవడానికి మూలం ఇదే. కరెంటు అక్కర్లేదు, సిలిండరు అక్కర్లేదు. పీహెచ్‌సీలోనైనా, 108 వాహనంలోనైనా పనిచేస్తుంది.

ఆ నిమిషంలో చేతుల పని

ఈ భాగం లేబర్ రూములో పనిచేసేవాళ్ల కోసం. కుటుంబాలు కూడా చదవాలి. ఏం జరుగుతోందో తెలిస్తే కంగారు తగ్గుతుంది, అడగవలసినది అడగగలుగుతారు. చదివినంత మాత్రాన శిక్షణ పొందినట్టు కాదని మాత్రం గుర్తుంచుకోవాలి.

పని కాన్పుకు ముందే మొదలవుతుంది. గది 25 డిగ్రీలకు తగ్గకుండా వెచ్చగా ఉండాలి. ఏసీ, ఫ్యాను ఆపాలి. బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ ముందే వేసి ఉంచాలి. రెండు పొడి తువాళ్లు, బొడ్డు క్లాంపు, నోరు శుభ్రం చేసే మ్యూకస్ సక్షన్, స్టెతస్కోపు, సెకన్ల ముల్లున్న గడియారం చేతికందేలా ఉండాలి. అంబు బ్యాగు నవజాత శిశువు సైజుది కావాలి. మాస్కులు రెండు: నెలలు నిండిన బిడ్డకు ఒకటో నంబరు, నెలలు నిండని బిడ్డకు సున్నా. మాస్కును అరచేతికి అదిమి బ్యాగు నొక్కి చూస్తే చేతికి ఒత్తిడి తెలియాలి, వదలగానే బ్యాగు నిండాలి. ఈ పరీక్షకు పట్టేది అయిదు సెకన్లు. అన్నిటికన్నా ముఖ్యం, బిడ్డను చూసుకునే మనిషి ఎవరో ముందే తేలిపోవాలి. తల్లిని చూసే చేతులే బిడ్డనూ చూడాలంటే ఎవరో ఒకరికి ఆలస్యం తప్పదు.

బిడ్డ బయటికి రాగానే తల, వీపు, చేతులు, కాళ్లు గట్టిగా తుడవాలి. తడిసిన గుడ్డ తీసేసి పొడి గుడ్డ కప్పాలి. బిడ్డ ఏడుస్తుంటే నేరుగా తల్లి గుండెల మీద, ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టాలి. బొడ్డు కోయడానికి ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే మాయలోని రక్తం బిడ్డకు చేరుతుంది. వంద కాన్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడితో సుఖాంతం.

ఏడవకపోతే తల సరిచేయాలి. మెడ ముందుకు వంగినా, మరీ వెనక్కి వాలినా గాలి దారి మూసుకుపోతుంది. భుజాల కింద చిన్న గుడ్డ మడత పెడితే తల సరైన తీరులో నిలుస్తుంది. నోట్లో ద్రవం అడ్డుపడుతుంటేనే సక్షన్ చేయాలి. ముందు నోరు, తర్వాత ముక్కు. ముక్కు ముందు తీస్తే బిడ్డ ఒక్కసారిగా గాలి పీల్చి నోట్లోది లోపలికి లాగేసుకుంటుంది. గొట్టం గొంతు లోతుకు పోనిస్తే గుండె వేగం పడిపోవచ్చు. ఆ తర్వాత వెన్ను వెంట రెండు మూడు సార్లు రుద్దాలి. అంతే.

అప్పటికీ శ్వాస లేకపోతే బొడ్డు కోసి, బ్యాగు అందుకోవాలి. మాస్కు గడ్డాన్నీ నోటినీ ముక్కునూ కప్పాలి, కళ్ల మీదకు రాకూడదు. నిమిషానికి నలభై నుంచి అరవై సార్లు నొక్కాలి. ‘నొక్కు, రెండు, మూడు… నొక్కు, రెండు, మూడు’ అని పైకి లెక్కపెడితే ఆ వేగం దానంతట అదే వస్తుంది. మూడు కిలోల బిడ్డకు ఒక్కో శ్వాసకు కావలసిన గాలి పదిహేను మిల్లీలీటర్ల చుట్టుపక్కల, అంటే మూడు చిన్న చెంచాలంత. కంగారులో బలమంతా ఉపయోగించి నొక్కితే లేత ఊపిరితిత్తి చిట్లిపోగలదు. ఛాతీ నెమ్మదిగా పైకి లేచేంత నొక్కితే చాలు.

ఛాతీ లేవడం లేదా? బ్యాగు నొక్కుతున్నా గాలి లోపలికి పోవడం లేదన్నమాట. మాస్కు తీసి మళ్లీ సరిగా అదమాలి. తల తీరు చూడాలి. నోరు శుభ్రం చేసి కొద్దిగా తెరిచి ఉంచాలి. ఇంకా లేవకపోతే కొంచెం ఎక్కువ నొక్కాలి. బ్యాగు ఉన్నా, మాస్కు పక్కనుంచి గాలి జారిపోవడాన్ని ఎవరూ గమనించకపోతే బిడ్డ దక్కకపోవచ్చు.

ముప్పై సెకన్లు గాలి సరిగా అందాక గుండె చూడాలి. ఆరు సెకన్లలో ఎన్ని చప్పుళ్లో లెక్కించి పదితో హెచ్చిస్తే నిమిషానికి వేగం తెలుస్తుంది. వందకు పైగా ఉండి, బిడ్డ తనే ఊపిరి తీసుకుంటుంటే గెలిచినట్టే. వంద కన్నా తక్కువ ఉంటే గాలి ఊదడం ఆపకూడదు. అరవై కన్నా తక్కువైతే రెండు బొటనవేళ్లతో ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి: మూడు నొక్కులకు ఒక శ్వాస. గొట్టం వేయడం, ఆడ్రినలిన్ ఇవ్వడం ఆ తర్వాతి మెట్లు. అవి శిక్షణ పొందిన డాక్టర్ల పని. ఏ మెట్టులోనూ మరిచిపోకూడని సంగతి ఒకటుంది. పెద్దవాళ్లలో తరచుగా గుండె ముందు దెబ్బతింటుంది. పుట్టిన బిడ్డలో శ్వాస లేక గుండె నెమ్మదిస్తుంది. గాలి అందితే చాలాసార్లు గుండె తనంతట తనే లేస్తుంది.

నిన్నటి మంచి, నేటి వద్దు

అలవాటుకు ఒక చెడ్డ గుణం కూడా ఉంది. తప్పు పద్ధతి అలవాటైతే అదీ అంతే గట్టిగా పాతుకుపోతుంది. నవజాత శిశు వైద్యం తన అలవాట్లను చాలాసార్లు సరిదిద్దుకుంది.

నీలంగా ఉన్న బిడ్డకు నూరు శాతం ఆక్సిజన్ ఇవ్వడం ఒకప్పుడు ప్రశ్నలేని నియమం. ఢిల్లీ మౌలానా ఆజాద్ మెడికల్ కాలేజీ డాక్టర్ సిద్ధార్థ్ రాంజీ, నార్వే శాస్త్రవేత్త ఓలా సాగ్‌స్టాడ్ కలిసి ఆ నియమాన్ని ప్రశ్నించారు. గది గాలి సరిపోదా అని 1993లో ఢిల్లీ బిడ్డల మీద జరిగిన అధ్యయనం ప్రచురించారు. 1998లో భారత్‌తో సహా పలు దేశాల్లో 609 మంది బిడ్డలతో జరిగిన పెద్ద అధ్యయనం కూడా గది గాలి ఏమీ తీసిపోదని తేల్చింది. 2010 నాటికి అంతర్జాతీయ మార్గదర్శకాలు మారాయి. నెలలు నిండిన బిడ్డకు ఇప్పుడు గది గాలితోనే మొదలుపెడతారు. ‘సిలిండరు లేదు కాబట్టి ఆగాం’ అనే మాటకు ఇక తావు లేదు.

కడుపులోనే మలవిసర్జన జరిగి ఉమ్మనీరు పచ్చబడితే, తల బయటికి రాగానే నోరూ ముక్కూ సక్షన్ చేయడం మరో ఆచారం. 2004లో అర్జెంటీనా డాక్టర్ నెస్టర్ వైన్ బృందం 2,514 మంది బిడ్డలను పరిశీలించి దానివల్ల ప్రయోజనం లేదని చూపింది. ఆ తర్వాత, అలాంటి బిడ్డ నీరసంగా ఉంటే శ్వాసనాళంలోకి గొట్టం వేసి పీల్చడం మీద పుదుచ్చేరి జిప్‌మర్ డాక్టర్లు అధ్యయనం చేశారు. అందులోనూ లాభం కనిపించలేదు. 2015 నుంచి ఆ పని తప్పనిసరి జాబితాలో లేదు. పీల్చే వేళను గాలి ఊదడానికి మళ్లించారు.

తలకిందులుగా పట్టుకోవడం, చరచడం, చన్నీళ్లు చల్లడం, ఉల్లిపాయ వాసన చూపించడం… వీటిలో ఏదీ తుడిచి రుద్దడం కన్నా ఎక్కువ మేలు చేయదు. తడి ఒంటి మీద చన్నీళ్లు పడితే బిడ్డ చల్లబడి పరిస్థితి విషమిస్తుంది.

ఎవరు చేయగలరు

ఇది పెద్ద డాక్టర్లకే సాధ్యమనే అపోహను మనకు ఆనుకుని ఉన్న గడ్చిరోలి చెరిపేసింది. ప్రాణహిత దాటితే వచ్చే ఈ మహారాష్ట్ర జిల్లాలో, సిరొంచ వైపు తెలుగు మాట్లాడే పల్లెలూ ఉన్నాయి. డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ స్థాపించిన ‘సెర్చ్’ సంస్థ 1990లలో 39 గ్రామాల్లో స్థానిక మహిళలకు శిక్షణ ఇచ్చింది. ఇంటి కాన్పుల్లో బిడ్డ ఊపిరి తీసుకోకపోతే సాయం చేయడం అందులో ఒక భాగం. ముందు గొట్టం మాస్కులు, తర్వాత బ్యాగు మాస్కులు ఇచ్చారు. తీవ్రంగా ఊపిరాడని బిడ్డల్లో మరణాలు 39 శాతం నుంచి 20 శాతానికి తగ్గాయి. సాధన ఉంటే పల్లెటూరి ఇంట్లోనూ ప్రాణం నిలబడుతుందని దాని అర్థం.

కర్ణాటకలోని బెళగావి ప్రాంతం మరో సంగతి బయటపెట్టింది. అక్కడ సుమారు ఆరు వందల మంది కాన్పు సిబ్బందికి హెల్పింగ్ బేబీస్ బ్రీత్ శిక్షణ ఇచ్చాక, ‘అప్పుడే చనిపోయి పుట్టారు’ అని నమోదయ్యే బిడ్డల శాతం 1.7 నుంచి 0.9కి పడిపోయింది. ‘చచ్చి పుట్టింది’ అనుకున్న బిడ్డల్లో కొందరికి అసలు గుండె కొట్టుకుంటూనే ఉండి ఉంటుందన్నమాట. వాళ్లకు ఊపిరి ఊదే చేతులే కరువయ్యాయి.

మన దేశంలో నవజాత శిశు సురక్షా కార్యక్రమం 2009లో మొదలైంది. కాన్పులు చేసే నర్సులు, ఏఎన్ఎంలు, డాక్టర్లకు రెండు రోజుల శిక్షణ దాని ప్రధాన అంశం. భారత బాలల వైద్యుల అకాడమీ కూడా ‘ఫస్ట్ గోల్డెన్ మినిట్’ పేరుతో శిక్షణ సాగిస్తోంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే ఆ నిమిషం దాదాపు ఎప్పుడూ ఏదో ఒక ఆసుపత్రి గోడల మధ్యే గడుస్తుంది. ఆ గోడల మధ్య ఉన్నవాళ్ల చేతులు సిద్ధంగా ఉన్నాయా అన్నదే మిగిలిన ప్రశ్న.

తర్వాత చూసుకుందాం అంటే

హైడమ్‌లోనే జరిగిన మరో పరిశీలన ఆలస్యానికి ధర కట్టింది. బ్యాగుతో గాలి ఊదడం ప్రతి ముప్పై సెకన్లు ఆలస్యమైనకొద్దీ బిడ్డ చనిపోయే లేదా ఎక్కువ కాలం ఆసుపత్రిలో ఉండవలసి వచ్చే ముప్పు 16 శాతం చొప్పున పెరిగింది.

పోయిన నిమిషాన్ని పెద్ద ఆసుపత్రి తిరిగి ఇవ్వగలదా? ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతిన్న బిడ్డ ఒంటిని మూడు రోజులు చల్లగా ఉంచే చికిత్స సంపన్న దేశాల్లో మేలు చేసింది. అదే చికిత్సను భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌ల్లోని ఏడు ఆసుపత్రుల్లో 408 మంది బిడ్డలతో ‘హెలిక్స్’ అధ్యయనం పరీక్షించింది. 2021లో ఫలితాలు వచ్చాయి. చల్లబరిచిన బిడ్డల్లో 42 శాతం, చల్లబరచనివాళ్లలో 31 శాతం మరణించారు. మేలు జరగకపోగా మరణాలు పెరిగాయి. పెద్ద ఆసుపత్రిలో ఖరీదైన మంచం దొరికినా లేబర్ రూము నిమిషానికి అది సాటి రాదు.

సాధనను దినచర్యగా మార్చడం

శిక్షణ సర్టిఫికెట్ గోడకు తగిలించిన కొన్ని నెలలకే చేతి నేర్పు జారిపోతుంది. కాబట్టి లేబర్ రూములో పనిచేసేవాళ్లు ఈ నాలుగు అలవాట్లు పెట్టుకోవచ్చు.

1. డ్యూటీ ఎక్కగానే బ్యాగు, మాస్కు పరీక్షించడం. బీరువాలో తాళం వేసిన బ్యాగు లేనట్టే లెక్క.
2. వారానికోసారి అయిదు నిమిషాలు, లేబర్ రూములోనే, బొమ్మ మీద సాధన. నియోనటాలీ లాంటి బొమ్మలో నీళ్లు నింపితే బిడ్డ బరువే తెలుస్తుంది, ఛాతీ లేవడమూ కనిపిస్తుంది.
3. లెక్కను పైకి పలకడం. ఎంత సమయం గడిచిందో ఒకరు బిగ్గరగా చెబుతుంటే కంగారులో గడియారం మరిచిపోరు.
4. బిడ్డకు సాయం అవసరమైన ప్రతి కాన్పు తర్వాత, అదే రోజు, ఏం జరిగిందో కలిసి మాట్లాడుకోవడం. ఎవరి తప్పు అని కాకుండా ఏ సెకనులో ఏం చేశామన్నది మాట్లాడుకుంటే మర్నాడు చేయి తడబడదు.

కుటుంబం వంతు

తొమ్మిదో నెలలో ఇంటిల్లిపాదీ ముహూర్తాల గురించీ ఉయ్యాల గురించీ మాట్లాడుకుంటారు. వాటితో పాటు ఆసుపత్రిలో ఈ ప్రశ్నలు అడగాలి. కాన్పు సమయంలో బిడ్డ కోసమే విడిగా ఉండేది ఎవరు? రాత్రి, ఆదివారం కూడా ఉంటారా? లేబర్ రూములో, ఆపరేషన్ థియేటర్లో వార్మర్, చంటిబిడ్డ సైజు అంబు బ్యాగు ఉన్నాయా? పిల్లల డాక్టరు పిలిస్తే ఎంతసేపట్లో వస్తారు? ఇబ్బంది అయితే ఎక్కడికి, ఏ వాహనంలో పంపుతారు? మంచి ఆసుపత్రి ఈ ప్రశ్నలకు చిరాకు పడదు.

కవలలు, నెలలు నిండని కాన్పు, ఎదురుకాళ్లు, తల్లికి రక్తపోటు, జ్వరం, బిడ్డ కదలికలు తగ్గడం, ఉమ్మనీరు పచ్చగా రావడం కనిపిస్తే పిల్లల డాక్టరు, బిడ్డల ఐసీయూ ఉన్న చోటికే వెళ్లాలి. నొప్పులు త్వరగా రావాలని, పర్యవేక్షణ లేని చోట ఇంజెక్షన్ వేయించుకోవడం ప్రమాదం. నొప్పులు మరీ దగ్గరగా, బలంగా వస్తే మాయ ద్వారా బిడ్డకు రక్తం అందడం తగ్గుతుంది.

ఆసుపత్రికి చేరకముందే దారిలో కాన్పు అయితే? 108కు ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, వాళ్లు చెప్పినట్టు చేయాలి. బిడ్డను పొడి గుడ్డతో గట్టిగా తుడిచి, తల్లి గుండెల మీద పెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పాలి. బొడ్డు లాగకూడదు, దొరికిన బ్లేడుతో కోయకూడదు. ఏడవకపోతే నోట్లోది మెత్తని గుడ్డతో తుడిచి, వీపు రుద్దాలి. అయినా ఊపిరి లేకపోతే బిడ్డ నోటినీ ముక్కునూ కలిపి మన నోటితో మూసి, బుగ్గల్లో పట్టినంత గాలిని మాత్రమే, ఛాతీ కొద్దిగా లేచేలా మెల్లగా ఊదాలి. సాయం వచ్చేదాకా ఆపకూడదు.

బిడ్డకు సాయం అవసరమైందని తెలిస్తే ‘ఉమ్మనీరు మింగింది, బాక్సులో పెట్టారు’ అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. ఎన్ని నిమిషాలకు ఊపిరి తీసుకుంది, అయిదో నిమిషం ఆప్గార్ ఎంత, ఫిట్స్ వచ్చాయా అని అడిగి డిశ్చార్జి కాగితం మీద రాయించుకోవాలి. ఒకటో నిమిషంలో మార్కు తక్కువ వచ్చినంత మాత్రాన బిడ్డ భవిష్యత్తు చెడినట్టు కాదు. కానీ మెడ నిలపడం, కూర్చోవడం, నడక, మాట సమయానికి వస్తున్నాయో లేదో పిల్లల డాక్టరు దగ్గర క్రమం తప్పకుండా చూపించుకోవాలి.

2022లో ప్రపంచమంతా కలిపి 23 లక్షల మంది బిడ్డలు మొదటి నెల నిండకుండానే చనిపోయారు. కాన్పు వేళ ఊపిరి అందకపోవడం ఆ మరణాలకు ముఖ్య కారణాల్లో ఒకటి. మన దేశంలో 2020 లెక్క ప్రకారం వెయ్యి మందిలో 20 మంది మొదటి నెలలోనే పోయారు. 2030కి ఆ సంఖ్యను ఒక అంకెకు తేవాలన్నది 2014లో కేంద్ర ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం. లేబర్ రూములో పనిచేసేవాళ్లు ఈ రోజు డ్యూటీలోనే బ్యాగు తీసి ఒకసారి నొక్కి చూడండి. కాన్పు కోసం ఎదురుచూసే ఇంట్లోవాళ్లు పై ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి, తర్వాతి చెకప్‌కు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి.